ఫ్యాన్ ఆపిన అరగంట

దినాం నాలుగు సార్లు
వారాసిగూడల మా రెండర్రల ఇంట్ల
ఫ్యాన్ ఆగుతది.
కిటికీ మూస్త. తలుపుకు గడియ పెడుత.
గోడ మీద క్యాలెండరు గూడ కదలొద్దు.
గాలిల తేలే ఒక్క నలుసు
అండాలు వదినె కడుపులకు పోతే
మళ్ల పంజాగుట్ట,
మళ్ల పది దినాల మంచం.

చేతులు కడుగుత.
వేళ్ల సందులు, గోర్ల కింద, బొటనవేలు చుట్టూ.
జాకెట్లకు కాజాలు కుట్టేటప్పుడు
చెయ్యి ఒక దిక్కు, మనసు ఒక దిక్కు ఉండేది,
అయినా కాజా తప్పకపోయేది.
సబ్బు నురుగుల అట్ల నడవది.
ఏ వేలు మరిచిన్నో
మూడో దినం జ్వరం చెప్తది.

సంచి వేలాడదీసే కొక్కెం
మా ఆయన చొక్కా తగిలేసుకున్నదే.
ఆయన పోయిండు. ఆయన అక్క ఉన్నది.
పాత నీళ్లు బయటికి రానీకి ఇరవై నిమిషాలు,
కొత్తయి లోపలికి పోనీకి పది.

"మనసును ఇక్కడనే పెట్టుండ్రి ఆంటీ,
ఊపిరి వచ్చేది చూడుండ్రి, పోయేది చూడుండ్రి"
అన్నది దవాఖానల కౌన్సెలింగు పిల్ల.
నాకు నవ్వొచ్చింది.
నా మనసు కరెంటు బిల్లు కాడ ఉన్నది.
పెండ్లోళ్లకు ఇస్తనన్న పదిహేను జాకెట్ల కాడ ఉన్నది.
మంచం కింద, మిషన్ కింద, దేవుని గూటి కింద
జరుపుడు జరుపుడే అయిన
సంచుల డబ్బాల కాడ ఉన్నది.
దాన్ని ఏ ఆటోల ఎక్కించి తేవాలె?

కానీ ఫ్యాన్ ఆగినంక
చెవులు వాటంతటవే లేస్తయి.
జామై ఉస్మానియా కాడ లోకల్ రైలు కీచుమంటది.
పైపోర్షన్ల కుక్కరు మూడు కూతలైనయి,
నాలుగోది రాలే, ఇంక రాలే,
ఆ, వచ్చింది.
చిలకలగూడ దిక్కు నుంచి నమాజు పిలుపు,
దాని ఎన్కనే పుదీన కొత్తిమీర బండాయన.
వీపు మీద ఒక చెమట చుక్క
మెల్లగ, తొవ్వ ఎతుక్కుంట దిగుతది.
మాస్కు లోపల నా ఊపిరి నాకే తగుల్తది,
పొద్దటి ఉల్లిగడ్డ వాసనతోటి.
చూడమన్నది ఇదేనా పిల్లా?

నిన్న కోపానికొచ్చిన.
దినానికి అర లీటరు నీళ్లే ఆమెకు,
గీతలు గీసిన సీసాల.
ఎండలేమో నెత్తి పలుగుతున్నయి.
తానం చేస్తనని పోయి
మగ్గుతోటి ముంచుకొని తాగింది.
కాలు నొక్కి చూసిన,
నా వేలు గుంట అట్లనే ఉండిపోయింది.
"నీ ఎంబడి నేను గూడ పోవాలెనా?" అన్న.
అని, వంటింట్లకు పోయి
చెంబెడు నీళ్లు ఎత్తిన,
గుటక సప్పుడు ఆమెకు ఇనబడకుంట.
నాకైతే రాత్రంత ఇనబడ్డది.

ఇయ్యాల పగటీలి సంచి దిగింది.
పాత పేపరు మీద పెట్టి చూసిన.
నీళ్ల లోంచి అక్షరాలు సాఫుగ కనబడాలె,
మబ్బుగుంటే లోపల చీము.
ఒక్కొక్క అక్షరం కూడుకొని చదివిన,
రెండో తరగతి పిల్ల లెక్క.
"ఏం రాసిండ్రే?" అన్నది వదినె.
"గండిపేట నిండిందట, గేట్లు ఎత్తిండ్రట."
"ఎప్పటిదే?"
"పోయిన వానకాలంది."
కాళ్ల దిక్కు చూసుకున్నది.
"నా లెక్కనే నిండింది పాపం" అన్నది.
ఇద్దరం నవ్వినం,
నవ్వితే పైపు కదులుతదని
మళ్ల ఆపుకున్నం.

అంత అయినంక మాస్కు తీసి
రెండు ఐసు ముక్కలు తెచ్చిన,
ఆమె సీసా నీళ్లల్లకెల్లి తీసి గడ్డకట్టించినయి.
ఒకటి ఆమె నాలుక మీద, ఒకటి నా నాలుక మీద.
నమలొద్దు, మాట్లాడొద్దు, కరిగెదాక.
నాది ఎప్పుడైపోయిందో
నాకే తెల్వలే,
జాకెట్ల కాడికి పోయొచ్చిన నడుమ.
"అయ్యిందా వదినె? ఫ్యాన్ వెయ్యాల్నా?"
ఆమె కండ్లు తెరవలే.
దవడ ఒక పక్క ఉబ్బి ఉన్నది,
చిన్నగ.
చూపుడు వేలు ఒక్కటి పైకెత్తింది:
ఆగు.