తీయని ఫొటో

నవంబరులో ఇక్కడి గడ్డికి రంగుండదు,
పాత గోనెసంచి రంగంటే కొంత దగ్గర.
మనూల్ అనే అడవిపిల్లిదీ అదే రంగు.
కూర్చుంటే రాయి,
లేస్తేనే పిల్లి.
ఏడు రోజులుగా నేను రాళ్ళకు ఫొటోలు తీస్తున్నాను.

తూర్పు మంగోలియా.
దారి లేదు, చక్రాల జాడలున్నాయి,
అవీ ఒకదాన్నొకటి నమ్మక
తలో దిక్కుకీ పోతాయి.
నోర్జ్‌మా గుడారంలో నాకో మంచం,
నడుమ పొయ్యి, పొయ్యిలో పిడకలు.
ఆ వాసన దగ్గర మాత్రం నేను పరాయిని కాను.
ఉప్పేసిన పాల టీ మొదటిరోజు గొంతు దిగలేదు,
నాలుగోరోజు నేనే గిన్నె చాచాను.

రాత్రుళ్ళు బ్యాటరీలు చంకలో పెట్టుకుని పడుకుంటాను,
బయట ఉంచితే చలికి చచ్చిపోతాయి.
మనవడు ఓచిర్‌కి అదో వేడుక:
"ఎప్పుడు పొదుగుతాయి?"
నాకూ వాళ్ళమ్మమ్మకీ నడుమ ప్రతి మాటా
పదమూడేళ్ళ ఆ కుర్రాడి నోటిగుండా పోయి రావాలి.
కొన్ని తిరిగొస్తాయి.

ఒక రాత్రి చెప్పాను:
మా భాషలో ఫొటో 'తీస్తాం'.
కాల్లో ముల్లు తీస్తాం,
తలుపు తీస్తాం, కునుకు తీస్తాం,
ప్రాణం తీయడానికీ అదే మాట.
ఓచిర్ ఎంత చేరవేశాడో తెలీదు.
ఆవిడ పొయ్యిలోకి మరో పిడక తోసి అంది:
"మా నాన్న రోజుల్లో తోలు తీసేవాళ్ళొచ్చేవాళ్ళు.
నువ్వు నయం.
తిండి మాత్రం వాళ్ళకంటే ఎక్కువే తింటావు."

ఎనిమిదోరోజు.
బొరియకెదురుగా స్టాండు పాతి
కళ్ళలో ఒత్తులేసుకుని కూచున్నాను,
ఒత్తులు కూడా గడ్డకట్టే చలి.
మిట్ట దిగి గుర్రం మీద నోర్జ్‌మా వచ్చింది, వెనకాల ఓచిర్.
చూలు ఆడగుర్రం రెండ్రోజులుగా కనబడ్డం లేదట,
వెనక కాలొకటి తెల్లనిదట.
"నీ గొట్టం ఇటియ్యి."

ఇచ్చాను.
ముందు తెరవాల్సిన కన్ను మూసుకుంది,
తర్వాత రెండూ మూసుకుంది,
తర్వాత, నేను నెలలు పట్టి నేర్చుకున్నది
టీ చల్లారేలోగా పట్టేసి
దిగంతాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరడం మొదలెట్టింది.

నాకేం పని లేదు.
చేతులు జేబుల్లో, కళ్ళకు అద్దం అడ్డు లేదు.
వెనక గడ్డి చప్పుడైతే
ఊరికే తిరిగాను.

పది అడుగుల్లో ఒక రాయికి ముఖముంది.
చదునైన ముఖం, పక్కలకు దిగిన చెవులు,
గుండ్రటి పాపలు, పళ్ళ నడుమ వేలాడే ఎలుక.
బాకీ ఎగ్గొట్టినవాణ్ణి సంతలో పట్టుకున్న షావుకారులా
అది నన్ను చూసింది.
నా దగ్గర ఇవ్వడానికేం లేదు.
అలా ఎంతసేపో. నాకు తెలీదు,
లెక్కపెట్టే యంత్రం నా చేతిలో లేదు.

"గూ!" అని అరిచింది నోర్జ్‌మా,
ఆడగుర్రమని.
ఆ సంతోషంలో వేలు ఎక్కడ పడిందో,
నా కెమెరా టపటపటపా కొట్టుకుంది.
తిరిగి చూసేసరికి రాయి రాయే.

నలభైమూడు ఫొటోలు.
నలభైమూడింటిలోనూ పక్కకి ఒరిగిన ఆకాశం,
అడుగున మరకంత గుర్రం,
తెల్లకాలు ఉందనుకుంటే ఉంది.
అందులో ఒకటి అచ్చు వేయించి పంపాను.
గుడారంలో చనిపోయినవాళ్ళ ఫొటోల పక్కన
అద్దం కట్టించి పెట్టారని
ఓచిర్ ఉత్తరం రాశాడు.
పిల్ల కూడా పుట్టిందట, నాలుగు కాళ్ళూ నల్లవేనట.

ఇంకొకటి నా గోడ మీద ఉంది.
మనూల్ కోసం కదా అంత దూరం పోయావు,
ఏదీ, ఎక్కడ, అని
వచ్చినవాళ్ళు గుర్రం చుట్టూ వెతుకుతారు.

అక్కడ కాదు.
ఈ ఫొటో తీసినావిడ వెనకాల,
పది అడుగుల్లో.