గొట్టంలో సున్నా

తెల్లారి నాలుగున్నర. టెక్కలి డిపో గేటు.
ఊదు, అంటాడు సెక్యూరిటీ లచ్చుమయ్య.
గొట్టంలోకి ఊదుతాను.
సున్నా.
సున్నాని చూసి, నా ముఖాన్ని చూసి,
మళ్లీ ఊదు, అంటాడు.

పదకొండేళ్లుగా ఆ మెషీను మాట ఒకటి,
నా చెంపల మాట ఒకటి.

నాకు ముందు పుట్టినోళ్లు దక్కలేదని
చేటలో పడుకోబెట్టి
సోలెడు తవుడుకి నన్నమ్మేసింది మాయమ్మ.
కొన్నావిడ పాలిమ్మని మళ్లీ తనకే అప్పజెప్పింది.
అలా తవిటయ్యనయ్యాను.
మా కండక్టరు ఎర్రన్న, నల్లగా నిగనిగలాడతాడు.
పేర్లు తారుమారైపోనాయిరా అని వాడి నవ్వు.

మొదట ముక్కు పక్కన రూపాయి బిళ్లంత.
ఆ తర్వాత బానెట్టు వేడికి,
వేడి టీకి, ఎవరైనా గట్టిగా అరిస్తే,
అరవకుండా ఊరికే చూసినా సరే
రెండు చెంపలూ కుంపట్లు.
ఉదయం టెక్కలి వైపు వచ్చేటప్పుడు
కుడి కిటికీలోంచి ఎండ. కుడి చెంప ఇంకాస్త.

కోటబొమ్మాళిలో ఒక ముసలామె
మెట్టు మీద కాలు పెట్టి, నన్ను చూసి, తీసేసింది.
"ఏసేసినాడు బాబూ ఈడు. నానెక్కను."
గొట్టం అక్కడ లేదు. ఉంటే ఆమె ముందు ఊదేవాణ్ణి.

శనగపిండి అన్నారు. పసుపన్నారు.
నిమ్మకాయ రాసిన రోజు పెరట్లో కూచుని ఏడ్చాను,
కన్నీళ్ల ఉప్పు కూడా మండింది.
అప్పుడు మందులషాపు కుర్రాడిచ్చాడు ఒక ట్యూబు,
చీటీ లేదు, అడగలేదు, నలభై రూపాయలు.
తొలి వారం పెళ్లికొడుకు ముఖం.
దాలమ్మ గడ్డం పట్టుకుని మరీ చూసింది.

రెండేళ్లు రాశాను.
రాస్తే ఉల్లిపొర, రాయకపోతే నిప్పు.

శ్రీకాకుళం, ఏడురోడ్ల దగ్గర మేడ మీద డాక్టరమ్మ
ఆ ట్యూబుని చచ్చిన బల్లిని తోసినట్టు
గోరుతో బల్ల చివరికి తోసింది.
"ఇది మాన్పిస్తాను. మానేటప్పుడు ముందు ఇంకా మండుతుంది.
ఎనభైలో పోయే బండి గబుక్కున ఆగుతుందా?"
ఎప్పటికి పోతుందమ్మా, అన్నాను.
పూర్తిగా పోదు, అంది. అబద్ధం చెప్పలేదు.
రుద్దకు, అంది. తుడవకు, అద్దు.
కొత్తదేదైనా సరే, ముందు చెవి వెనక కొంచెం రాసి చూడు.

ఆ రెణ్ణెల్లు తువ్వాలు చుట్టుకుని నడిపాను.
దాలమ్మ పాత నూలు చీర చింపి
జేబురుమాళ్లంత ముక్కలు చేసింది.
చన్నీళ్లు, చీర ముక్క, అద్దడం.
నా ముఖాన్ని నేను అంత మెల్లగా
ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇప్పుడు నరసన్నపేటలో టీ గ్లాసుని గట్టు మీద పెట్టి
ఎర్రన్న చిల్లర లెక్క తేలేదాకా ఆగుతాను.
మెంతికాయ జాడీ మూత తీస్తే దూరం నుంచే వాసన చూస్తాను.
మధ్యాహ్నం తరవాణీ, ఉల్లిపాయ.
ఎండకి డాక్టరమ్మ రాసిన తెల్లటి మందు పూస్తే
పగటేషగాడివిరా అంటాడు ఎర్రన్న. అననీ.
కొన్ని రోజులు బాగుంటుంది.
కొన్ని రోజులు ఏ కారణం లేకుండా వచ్చేస్తుంది,
చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలా.

మొన్న బానెట్టు పక్క సీట్లో కాలేజీ పిల్ల,
పదిహేడుంటాయేమో, చున్నీ చెంపలదాకా లాక్కుని
చేతిలో తిప్పుతోంది అదే ట్యూబు.
అదే పచ్చ మూత.
గేరు మార్చాను. మళ్లీ మార్చాను.
అమ్మీ, అది ఎవరిచ్చారు, అన్నాను.

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.
నాదీ ఎర్రబడింది, అద్దంలో చూశాను.
ఏడురోడ్లు, మేడ మీద, ఆదివారం ఉండదు,
నాకు తెలిసిందంతా చెప్పేశాను.
ట్యూబు బ్యాగులో పెట్టుకుంది. పారెయ్యలేదు.
స్టేజీ వచ్చింది, దిగిపోయింది.
వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.