ఒగడి, రెడ్డు, బూడు

నిమజ్జనం రాత్రి
లిబర్టీ దాటి వచ్చే ప్రతి లారీకీ సొంత ఉరుము ఒకటి ఉంటుంది.
ట్యాంక్‌బండ్ మీద మా టెంటులో
వైర్‌లెస్ సెట్టులోంచి మాట మాటలా రాదు,
కాగే నూనెలో నీళ్లచుక్క పడ్డట్టు వస్తుంది.

"వాల్యూం పెంచండి మేడమ్" అంటాడు కొత్త హోంగార్డు.
పెంచితే మాటతో పాటు మోతా పెరుగుతుంది నాయనా,
పన్నెండు నిమజ్జనాలు విన్న చెవి ఇది.

మొజంజాహీ మార్కెట్ పోస్టు నుంచి పోచమల్లు.
ఎవరో తప్పిపోయారని అర్థమైంది,
పేరు మాత్రం తీన్‌మార్‌లో మునిగిపోయింది.
"పేరు తర్వాత అన్నా, ముందు అంకెలు చెప్పు.
ఒకటి నుంచి అయిదు దాకా."
తిట్టాడేమో. అదీ వినబడలేదు, మంచిదే.

ఒగడి. రెడ్డు. బూడు. దాలుగు. అయిదు.

నేనెరిగిన మాటలే,
దారిలో ఎవరి చేతనో దెబ్బలు తిని వచ్చాయి.
చలాన్ పుస్తకం వెనక రాసుకున్నాను:
ఈ రాత్రి ఈ గాలి మ-ని బ చేస్తోంది,
న-ని ద, క-ని గ.
గాలికి జలుబు చేసింది, అంతే.
అయిదు ఒక్కటే చెక్కుచెదరలేదు,
ఎందుకో దాని మీద ప్రేమ పుట్టింది.

"ఇప్పుడు చెప్పన్నా."
బేదగ. ఆరేళ్లు. దీలబ్ గౌదు.

వచ్చిన దారినే వెనక్కి నడిచాను
ఒక్కో అక్షరానికీ దాని ముక్కు దానికి అతికిస్తూ.
బ దగ్గర ఆగాను. అది బ-నే అయితే?
పుట్టుకతో బ ఏదో, మారిన బ ఏదో
మోత చీటీ కట్టి పంపదు.
కానీ ఏ తల్లీ బిడ్డకు బేదగ అని పేరు పెట్టదు.

మేనక. నీలం గౌను.

టెంటు మూలన, నీళ్ల ప్యాకెట్ల బస్తా మీద
గంట నుంచీ ఒక పిల్ల.
రిజిస్టర్లో పేరు దగ్గర మావాళ్లు గీత గీసి వదిలేశారు.
గౌను రంగంటారా,
గులాల్ పడి గులాబీయో ఊదాయో తేలడం లేదు.
అంచు మడత విప్పి చూశాను.
కుట్టు లోపల నీలం.

"మేనకా" అన్నాను.
ఏడ్చి ఏడ్చి బిగుసుకున్న ముక్కుతో తలెత్తి
నా తప్పు దిద్దుతున్నట్టు
"బేదగ" అంది.

సెట్టు నొక్కి అరిచాను: "దొరికిందన్నా, దొరికింది!"
అటువైపు ఏం చేరిందో.
కాసేపు గరగర.
ఆ తర్వాత పోచమల్లు, నిదానంగా:

"జర అగ్గెలు జెప్పుడ్రి బేడబ్."