అమలు

డిక్రీ అమలుకని మాధవరం పోయినా.
చౌడప్ప గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకొని
తలెత్తకుండానే అడిగినాడు:
"అమీనా సాబూ, అమలంటే ఏందప్పా?"

ఇరవై రెండేండ్ల సర్వీసులో
ఎవరూ అడగలేదు ఆ మాట.
మా దాదీ చెప్పేది,
అమల్ అంటే చేసిన పని,
ఆఖరు దినాన తూకానికొచ్చేది అదొక్కటేనని.
కచేరీ మెట్లెక్కినాక దానికి సీలొచ్చింది,
టముకొచ్చింది,
చెయ్యి మాత్రం పోయింది.

తలుపూడిన బీరువా రాసుకున్నా. సైకిలు రాసుకున్నా.
మగ్గం కాడ కలం నిలిచింది:
పనిముట్టును జప్తు చేయగూడదు,
చట్టంలోనే ఉంది.

"అట్లనా," అన్యాడు చౌడప్ప,
నాడె విసిరి.
ఎర్రంచులో ఇంకొక పోగు
అమలైంది.

సంతకం అడగడం మర్చేపోయినా.
ఒంటిమిట్ట దాటినాక గుర్తొచ్చింది.