స్టార్టరు డబ్బా

నేనే మోసుకొచ్చినాను దాన్ని,
టీవీఎస్ బండి మీద, కాళ్ల సందున పెట్టుకొని.
చైత్రం ఎండకు కాలిన ఇనుము
మోకాలికి తగిలి పొక్కు లేచింది.
తలారి మోకాలి పొక్కు ఏ ఫైల్లోకీ ఎక్కదు.

టేపు పట్టిందీ నేనే.
ఒక కొన సర్వేయరు చేతిలో, ఒక కొన నా చేతిలో.
పక్క కయ్య బోరుకూ దొరసానమ్మ బోరుకూ
పదకొండు మీటర్లు తక్కువొచ్చింది.
రొంత వదులుగా పట్టుంటే
నాలుగైదు మీటర్లన్నా కలిసొచ్చుండును.
బిగించి పట్టమనే కదా మాకు నేర్పింది.

ఆమె అప్పటికే చిత్తూరు పొయ్యొచ్చింది.
రవికలోంచి రసీదు తీసి చూపించింది.
చెమటకు సీలు కరిగి
ఊదా రంగు ఆమె బొటనవేలికి అంటుకోనుంది.
"అప్పీలుకు నెంబరు పడింది సామీ."
"నెంబరు పడింది గానీ స్టే పడలేదు కదమ్మా"
అన్నాడు డిప్యూటీ తాసిల్దారు.
చెడ్డోడేం కాదు ఆయన.
పంచనామా మీద సంతకం పెట్టే ముందర
గొంతు తడారిపోతే ఆమెనే నీళ్లడిగినాడు.
చెంబు ఎత్తి గటగటా తాగినాడు,
ఆ బోరు నీళ్లే.

అప్పీలంటే ఏందో నాకు ఆ పొద్దు తెలిసింది.
కాగితం పోయి కచేరీలో కూచుంటాది.
ఉత్తర్వు మాత్రం
గెనిమె మీద నడుచుకుంటా కయ్యలోకి వస్తాది.

రికార్డు రూములో పాత అడంగళ్ల మూటల పక్కన
సుతిలి తాడుతో అట్టముక్క కట్టి పెట్టినాము డబ్బాని.
సర్వే నంబరు, తేదీ, దొరసానమ్మ, వంకమిట్ట.
ఊడ్చిన ప్రతిసారీ చీపురు దానికి తగిలేది.
వాయిదా.
పెద్దసారు తిరుపతిలో మీటింగుకు పోయినాడు, వాయిదా.
అవతలోళ్ల వకీలుకు జొరం, వాయిదా.
ఆషాఢంలో ఎలక దాంట్లో పిల్లల్ని పెట్టింది.
ఆమె మాత్రం శుక్రవారం శుక్రవారం వచ్చి
కిటికీ ఊచల్లోంచి చూసి పోయేది,
బందెలదొడ్లో కట్టేసిన ఆవును చూసుకున్నట్టు.

నాలుగో నెల చెరుకు అది.
ముందు అడుగాకు పోయింది.
తర్వాత కణుపులు దగ్గరపడినాయి,
ముసలోళ్ల వేళ్ల మాదిరి.
వానా ఆ ఏడు రెండు కార్తెలు ఎగ్గొట్టింది.
గానుగ కాడ బొజ్జప్ప ఒక గడ విరిచి, నమిలి, ఉమ్మేసి
"పాకానికి రాదు, పొయ్యిలోకి వస్తాది" అన్నాడు.

ఐదో నెల్లో గెలిచింది.
పక్క బోరే తర్వాత వేసిందంట.
కాబట్టి మా ఉత్తర్వు చెల్లదంట,
మొదటి నుంచీ లేనట్టే లెక్కంట.
నేను రెండుసార్లు చదివించుకొని విన్నాను.
లేని ఉత్తర్వు తాలూకు మచ్చ
నా మోకాలి మీద ఇంకా నల్లగా ఉండాది.

మళ్లా నేనే తీసకపోయినాను.
ఎలక బొచ్చు దులిపి, వైర్లు కలిపి,
ఆమె పక్కకు చూసినాను.
"పీకింది నువ్వే గదా, నువ్వే నొక్కు" అనింది.
పచ్చ బటను నొక్కినాను.
పైపు దగ్గింది. గాలి. మళ్లా గాలి.
ఎర్రగా ఇన్ని, ఆమీట తేటగా.
అన్నాళ్లూ కిందనే ఉండినాయి నీళ్లు.
కాలవ దారి మరిచిపోలేదవి,
నేరుగా పోయి ఎండు మోళ్ల మొదట్లో నిలబడినాయి.

ఆమె ఏమీ అనలేదు.
చెంబు తొలిచి, నింపి, నా ముందర పెట్టింది.
తాగినాను.
చల్లగా, తియ్యగా ఉండినాయి.
తిట్టుంటే బాగుండును.