మోకాలితో వినేవాడు

థండర్ బేలో ఏప్రిల్ అంటే
మంచు పోయి ఇసుక మిగలడం.
చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఇసుక
టైర్ల కింద కసకసమంటుంటే
ఉర్హో సల్మెలా బండి తోసుకుంటూ వచ్చాడు,
ఇంజను ఆపేసి.
"మా ఎదురింట్లో పసిపిల్ల పుట్టింది" అన్నాడు,
తప్పు తనదే అన్నట్టు.

బెంచీ మీద గోనెపట్టా పరిచి
మూడు బ్యాఫిళ్లు పెట్టాను.
ఒకటి ఉత్త గొట్టం,
ఇటు కన్ను ఆనిస్తే అటు సరస్సు కనిపిస్తుంది.
ఒకటి ఒళ్లంతా చిల్లులు,
పైన గ్లాస్ ఊలు చుట్టుకుని,
చెవులకి గుడ్డ కట్టుకున్న బాలింతలా.
మూడోదాంట్లో అన్నీ అడ్డగోడలే.
పొగ గడప గడపకీ తల వంచుకుంటూ,
దారి అడుక్కుంటూ బయటికొస్తుంది.

ఉర్హో చెయ్యి తిన్నగా ఉత్త గొట్టం మీదికే పోయింది.
అందరి చెయ్యీ అంతే.
అరిచేదే పరిగెడుతుందని ఓ నమ్మకం.

"దూది" అన్నాను.
రెండు చెవుల్లోనూ కుక్కుకుని
క్వారీ ఎత్తు ఎక్కమన్నాను,
మూడో గేరులోనే, మార్చకుండా.
పైన నేను, మొద్దు మీద కూర్చుని,
మా నాన్న స్టాప్‌వాచీతో.

ఉత్త గొట్టం: పందొమ్మిది సెకన్లు.
కాకులు లేచాయి గానీ బండి లేవలేదు.
సగం ఎత్తులో ఆయాసం తెచ్చుకుంది.
అడ్డగోడలది: పదహారున్నర.
చిల్లులది: పదహారు, ఇంకో వెంట్రుకవాసి.

"తలుపు తీసిపెట్టిన సౌనాలో రాళ్లు కాగుతాయా?"
అన్నాను కిందికి దిగుతూ.
పొగని కాస్త నిలబెట్టాలి,
లేకపోతే కింది బలం గాలికే పోతుంది.
ప్లగ్గు విప్పి చూపించాను.
ఉత్త గొట్టంతో ఒక్క ఎత్తుకే సున్నంలా తెల్లబడింది.

అతను చాలాసేపు ఆ తెలుపునే చూశాడు.
చివరికి, "గోడలదే పెట్టు. పసిపిల్ల కదా."

మర్నాడు మళ్లీ వచ్చాడు.
నాలుగు కిలోమీటర్లూ రెండో గేరులోనే.
ఇంజను మీద చెయ్యి పెడితే కాలింది.
"ఏమైంది ఉర్హో, గేర్లు మర్చిపోయావా?"

బెంచీ అంచు గోటితో గీకాడు.
ముప్పై ఒక్కేళ్లు కోతమిల్లులో.
రంపం ముందు పిట్టల్ని పట్టుకుపోయిందట,
తర్వాత టెలిఫోను,
ఆ తర్వాత ఐలా గుసగుస.
"నేను గేరు మార్చేది దీంతో" అని
ఎడమ మోకాలి మీద తట్టుకున్నాడు.
ట్యాంకుకి ఆనించి ఉంచుతాడు, అది చెబుతుంది, ఇప్పుడు అని.
"నిన్నటినించి ఇది కూడా చెవిటిదైపోయింది."

కాసేపాగి,
"ఆ దూది, నాకు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.
నిన్న చెప్పడానికి మొహమాటపడ్డాను."

ఇక నవ్వు ఆపుకోలేకపోయాం.

సాయంత్రం డ్రిల్లు పట్టుకుని వాళ్ల వీధికే వెళ్లాను.
ఒక్క స్క్రూ విప్పితే బ్యాఫిల్ చేతిలోకి జారుతుంది.
చివరి గోడకి ఒక చిల్లు, మళ్లీ బిగించు, స్టార్ట్.
ఉర్హో కళ్లు మూసుకుని మోకాలు ఆనించి,
"ఊహూఁ."
ఇంకోటి. "ఊహూఁ."
చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి,
మసి మాత్రం వెచ్చగా ఉంది.
ఆరు. ఏడు. "దూరంగా ఏదో."
తొమ్మిదో చిల్లుకి
అతని మొహం తిరగబడ్డ బోర్లా గిన్నెలా
ఒక్కసారి వెలుగు పట్టుకుంది.

అక్కడ ఆగాల్సింది.
చేతి దురద, పదోది కూడా వేశాను.
ఎదురింటి కిటికీలో కర్టెన్ కదిలింది.
లోపల సన్నగా ఏడుపు.
ఉర్హోకి వినపడలేదు,
నా మొహంలో చూసి ఇంజను ఆపేశాడు.

పదోదాన్ని పొట్టి బోల్టుతో మూసేశాను.

బిల్లు ఎలా రాయాలో తోచలేదు.
చిల్లులు తొమ్మిది.
బోల్టు ఒకటి.
దూది వాపసు.