ముప్పై ఒకటో గొట్టం

డండీలో నవంబరు. నాలుగింటికే చీకటి.
కోల్డ్ రూములో కోటు మీద కోటు తొడుక్కుని
గొట్టాల్లోకి చక్కెర నీళ్లు పోస్తున్నాను,
అడుగున చిక్కగా, పైకొచ్చేకొద్దీ పలచగా.
చెయ్యి వణికిందా, పొరలు కలిసిపోతాయి.
మళ్లీ మొదటికి.

నా పేరు మోరాగ్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.
గొట్టం మీద నంబరే తప్ప మనిషి ఉండదు:
ముప్పై ఒకటి. స్త్రీ. అరవై ఎనిమిదేళ్లు. పేగులో గడ్డ.
ఏ వీధో తెలీదు. పొద్దున రొట్టెల కొట్లో
చిల్లర లెక్కపెడుతూ నా ముందు నిలబడ్డ ఆమే కావచ్చు.

మా అమ్మమ్మ ఎఫీ లాఖీలో జనపనార మిల్లు మనిషి.
మగ్గాల హోరుకి చెవులు పోయాయి.
మేస్త్రీ మీద చాడీలన్నీ వేళ్లతోనే చెప్పుకునేవారట.
"బెల్టు వేగం పెంచేవాళ్లే గాని
ఇంక చాలు అనేవాడు ఒక్కడూ లేడే" అనేది,
గట్టిగా, తనకి వినపడనట్టే మాకూ వినపడదేమోనని.

కణంలోనూ ఒక మేస్త్రీ ఉన్నాడు.
జన్యువులు రాసి పంపిన చీటీలు గుట్టలు గుట్టలు.
దేనికి మగ్గం దొరకాలో, ఏది మూలపడి చివకాలో
గుమ్మంలో నిలబడి వాడే తేలుస్తాడు.
వాడికి ఒళ్లు తెలియకుండా పోతే
పెరుగు, పెరుగు, చావకు
అనే చీటీలే ముందుకి.
ఒక్కో చీటీ మీద పదేసి మగ్గాలు.

మందు చేసేదల్లా ఆ మేస్త్రీ చెయ్యి పట్టుకోవడమే.

రెండు గంటలు గిర్రున తిప్పాక
కాగితం మీద గీత నడుస్తుంది.
మందు లేని గొట్టంలో బరువంతా అడుగున,
వరసగా కొండలు.
మందు వేసినదాంట్లో కొండలు కుంగి
రైబోజోములు ఒంటరిగా పైకి తేలాయి.
బెల్టు ఆగింది. ఇంకో రోజైతే కోటు విప్పేదాన్ని.

ముప్పై ఒకటిలో మాత్రం
కుడి చివర చిన్న మిట్ట.
యంత్రం తప్పేమోనని మళ్లీ తిప్పాను.
ఉంది.
హోరంతా అణిగిన షెడ్డులో
ఎక్కడో ఒక్క మగ్గం, టకటక.
గుమ్మంతో పనిలేకుండా
దొడ్డిదారి తెలిసిన చీటీ ఏదో.

రేపు డాక్టర్ ఫారూకీ అడుగుతుంది, పనిచేసిందా అని.
చేసింది. చాలలేదు.

ఆ చివరి చుక్కల్ని వేరే గొట్టంలోకి పట్టి
మంచులో గుచ్చాను.
చదవాలి, ఆ చీటీలో ఏం రాసుందో.

బయట టే నది మీంచి గాలి.
రొట్టెల కొట్టు ఎప్పుడో మూసేశారు.